బేస్ ఎక్కడికీ పోలేదు, కళ్లజోడు పక్కనుంచి కారిపోతోంది

ప్రశ్న: చాలాకాలం డబ్బు కూడబెట్టి ఒక ఖరీదైన క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్ కొన్నాను. ప్లానార్ డ్రైవర్లు (చదునైన పల్చని పొర ఊగి ధ్వని పుట్టించేవి), గొర్రె తోలు ప్యాడ్లు. ఇదే మోడల్‌ను రెండేళ్లుగా వాడుతున్న మిత్రుడి దగ్గర విని, ఆ బేస్‌కి మనసు పారేసుకుని తెప్పించుకున్నాను. నా దగ్గర మాత్రం బేస్ పల్చగా ఉంది. మగ గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి. ఎడమ వైపు బేస్ మరీ తక్కువ. నా పాత నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోనే నయమనిపిస్తోంది. కేబుల్ మార్చాను, తేడా లేదు. వంద గంటలు ఆడిస్తే బర్న్ ఇన్ అయి సర్దుకుంటుందని ఒకరు, యాంప్ చాలడం లేదని ఇంకొకరు అంటున్నారు. ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే పగిలినట్టు వస్తోంది. కొత్త యాంప్ కొనాలా? లేక ఇది పీసు లోపమా, తిప్పి పంపాలా? అన్నట్టు, నేను కళ్లజోడు తియ్యకుండానే వింటాను. ఎడమ కణత దగ్గర కాస్త నొక్కుకుంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.

జవాబు: ఉంది. అసలు సంబంధమంతా దానితోనే. కేబుల్ నుంచి యాంప్ దాకా అందరినీ అనుమానించి, దొంగను మాత్రం చివరి వాక్యంలో మీరే గుమ్మం దాటించి పంపేశారు. యాంప్ కొనకండి. తిప్పి పంపే తొందర కూడా వద్దు. ముందు ఒక పావుగంట తీరిక చేసుకోండి.

క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో బేస్ ఎలా పుడుతుందో తెలిస్తే మిగతాదంతా విప్పి చెప్పినట్టే ఉంటుంది. 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 సార్లు ఊగే ధ్వని తరంగం గాలిలో దాదాపు 8.5 మీటర్ల పొడవుంటుంది. మీ చెవి చుట్టూ ప్యాడ్ మూసిన గది లోతు రెండు మూడు సెంటీమీటర్లు. అంత తరంగం అందులో పట్టేదెక్కడ? కాబట్టి అక్కడ తరంగం ప్రయాణించడం లాంటిదేమీ జరగదు. డ్రైవర్ పొర ముందుకొస్తే గదిలో గాలి నలుగుతుంది, వెనక్కి పోతే సడలుతుంది. ఆ ఒత్తిడి హెచ్చుతగ్గులే మీకు బేస్. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, చేతికి ఎదురొత్తిడి తెలుస్తుంది. వేలు కొంచెం జారిందా, ఆ ఒత్తిడి అక్కడితో సరి.

ఈ పంపులోనే ఇంకో కిటుకు ఉంది. వేలి పక్కన సూది బెజ్జమంత సందు ఉంచి, పంపును మెల్లగా నొక్కండి. గాలి తాపీగా బయటికి జారుకుంటుంది, చేతికి ఏమీ తగలదు. అదే పంపును గట్టిగా, చటుక్కున నొక్కండి. ఆ సందులోంచి పోవడానికి గాలికి వ్యవధి చాలదు, ఒత్తిడి నిలబడుతుంది. హెడ్‌ఫోన్‌లో లీకూ అచ్చం ఇంతే. సెకనుకు 30, 40 సార్లు ఊగే ధ్వనికి సందులోంచి తప్పించుకునేంత వ్యవధి ఉంటుంది. వెయ్యి సార్లు ఊగేదానికి ఉండదు. అందుకే ప్యాడ్ కింద చిన్న సందు పడితే గొంతులు, వయొలిన్లు, తాళాలు అలాగే ఉంటాయి, కింది బేస్ ఒక్కటే మాయమవుతుంది. సందు పెద్దదయ్యే కొద్దీ ఆ మాయమయ్యే హద్దు 40 నుంచి 80కి, 80 నుంచి 150కి అలా పైకి పాకుతుంది. పియానోలో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్, బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. ముందుగా దెబ్బ తినేది ఇవే.

మగ గొంతులు డబ్బాలోంచి వస్తున్నాయన్నారు. బేస్ తగ్గితే గొంతు పల్చబడాలి గదా, ఉబ్బినట్టు ఎందుకుంటుంది? ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుయ్ మంటుంది చూడండి, మెడలోని గాలి, బొడ్డులోని గాలి మీద స్ప్రింగు మీద బరువులా ఊగడం వల్ల. ప్యాడ్ కింది సందు ఆ సీసా మెడ, కప్పు లోపలి ఖాళీ ఆ సీసా బొడ్డు. రెండూ కలిసి ఏదో ఒక చోట, తరచుగా బేస్ ఎగువ భాగంలో, చిన్న ఉబ్బు తెస్తాయి. మగ గొంతు మూలస్వరాలు చాలావరకు 100, 200 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటాయి. అంటే కింద గుంట, దాని పైన గుట్ట. అడుగు లేదు, కానీ బొంగురు ఉంది. ఇలా రెండూ కలిసి వచ్చాయంటే నేను మొదట ప్యాడ్ అంచు చూస్తాను, తర్వాతే ఇంకేదైనా.

సందు ఎంత ఉంటే ఇంత జరుగుతుందని మీకు సందేహం రావచ్చు. కళ్లజోడు కాడ మూడు మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి. ప్యాడ్ దాని మీదుగా ఎక్కి దిగేటప్పుడు కాడకు పైనొకటి, కిందొకటి త్రికోణపు సందులు మిగులుతాయి. కంటికి ఆనవు. కానీ లోపలి గదికి అవి కిటికీలే. అలాంటి సందు వల్ల 40 హెర్ట్జ్ దిగువన 10 డెసిబెల్స్ దాకా పడిపోవడం అరుదేమీ కాదు. పైగా కింది స్వరాల దగ్గర మన చెవి తీరు వేరు. అక్కడ కొద్ది డెసిబెల్స్ తగ్గినా, మధ్య స్వరాల్లో అంతే తగ్గినదానికంటే ఎక్కువ తగ్గినట్టు వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం గోరంత సందుకు నిజంగానే కొండంత నష్టం.

కాడ పొడవు కూడా చూసుకోండి. చెవి వెనక వంగే కాడైతే దాని కొస ప్యాడ్ గుంటలోనే ఆగిపోతుంది, ప్యాడ్‌ను ముందువైపు ఒక్కచోటే దాటుతుంది. నిటారుగా వెనక్కి పోయే కాడ ముందొకసారి, వెనకొకసారి దాటుతుంది. లీకులు రెండింతలు.

మరి మీ పాత నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ అదే కళ్లజోడుతో బాగానే ఎలా పలికింది? అలాంటి చాలా హెడ్‌ఫోన్లలో కప్పు లోపల చెవి పక్కనే ఒక మైక్ ఉంటుంది. చెవికి నిజంగా ఎంత చేరుతోందో అది వింటూ ఉంటుంది. బేస్ తగ్గితే లోపలి సర్క్యూట్ అప్పటికప్పుడు ఎక్కువ తోస్తుంది. అంటే అది మీ లీకును మీకు చెప్పకుండా పూడ్చిపెడుతూ వచ్చింది. మీ కొత్త హెడ్‌ఫోన్‌కు ఆ కాపలా లేదు. తీగలోంచి వచ్చింది వచ్చినట్టు పలకడమే దాని పని. ఓపెన్ బ్యాక్ డైనమిక్ హెడ్‌ఫోన్లు వాడిన అలవాటున్నవాళ్లకు కూడా ఇదే కొత్తగా ఉంటుంది. వాటిలో చాలావాటికి అడుగు బేస్ మొదటే తక్కువ, వెనకంతా తెరిచే ఉంటుంది, మరో సందు పడినా పెద్దగా పట్టదు. ప్లానార్ అయితే ఓపెన్ బ్యాక్‌లోనూ ముందువైపు సీల్, అంటే ప్యాడ్ సందు లేకుండా తలకు అతుక్కోవడం, కావలసిందే. మీది ప్లానారూ, క్లోజ్డ్ బ్యాకూ రెండూనూ.

ఇక పరీక్షలు. నిలకడగా 40 హెర్ట్జ్ పలికే టోన్, 200 హెర్ట్జ్ టోన్ సంపాదించండి. ఫోన్‌లో టోన్ జెనరేటర్ యాప్ చాలు. వాల్యూమ్ మామూలుకంటే తక్కువలో పెట్టండి. ఇది మరవద్దు, ఎందుకంటే లీకు మూసుకున్న క్షణంలో బేస్ ఒక్కసారిగా మీద పడుతుంది. 40 ఆడుతుండగా రెండు అరచేతులతో కప్పులను తల వైపు మెత్తగా, సమానంగా ఆనించండి. కొట్టొచ్చినట్టు పెరిగితే లీకు ఉన్నట్టే. కొద్దిగా పెరిగితే పట్టించుకోకండి, ఎంత బాగా సరిపోయిన హెడ్‌ఫోనైనా నొక్కితే ప్యాడ్ అణిగి గది చిన్నదవుతుంది కాబట్టి కాస్త పెరుగుతుంది. 200 దగ్గర పెద్ద తేడా ఉండకూడదు, లేదా నొక్కినప్పుడు తగ్గాలి. తగ్గితే ఇందాక చెప్పిన గుట్ట దొరికినట్టే.

గట్టిగా మాత్రం నొక్కవద్దు. ప్లానార్ పొర చాలా పల్చన. మూసిన గదిలో గాలిని చటుక్కున నొక్కితే ఆ దెబ్బ నేరుగా పొర మీద పడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునేటప్పుడూ తీసేటప్పుడూ అంతే, ఒక అంచు ముందు ఆనించి, గాలికి దారిచ్చి, తర్వాత మొత్తం వాల్చండి. కప్పులు చెవులకు టప్పున కొట్టుకునేలా వదలకండి.

ఇప్పుడు లీకు ఏ చోటో పట్టుకోవాలి. టోన్ ఆడుతుండగా ఒకే వేలితో ప్యాడ్ చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతూ అక్కడక్కడ ఆనించండి. ఎక్కడ ఆనిస్తే బేస్ లేస్తుందో అక్కడే సందు. మీ విషయంలో కణత దగ్గర దొరుకుతుందని నా లెక్క. కానీ ఇంకో చోటూ తప్పకుండా చూడండి: చెవి తమ్మె కింద, దవడ ఎముక వెనకాల ఉండే పల్లం. కళ్లజోడు లేనివాళ్లలో నాకు ఎక్కువగా కనబడిన చోటు అదే. కొందరికి అక్కడ వేలు దిగేంత లోతుంటుంది. టోన్ వింటూ నోరు బాగా తెరిచి చూడండి, ఆ పల్లం ఆకారం మారడం, బేస్ దానితోపాటే ఊగడం మీకే తెలుస్తుంది. పాట వింటూ ఏదైనా నములుతుంటే అడుగు బేస్ కొట్టుకున్నట్టు వస్తే హెడ్‌ఫోన్‌ను తిట్టుకోకండి.

తర్వాత కళ్లజోడు తీసేసి అదే టోన్ వినండి. ఎడమ వైపు లేచి నిలబడిందా, కేసు సగం తేలినట్టే. మిత్రుడి దగ్గర విన్న రోజు మీ కళ్లజోడు ఎక్కడుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మంచి పాట వస్తే కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని వినేవాళ్లు చాలామంది. పైగా ఆయన ప్యాడ్లు రెండేళ్లు వాడి మెత్తబడినవి, ఆయన హెడ్‌బ్యాండ్ సాగి సర్దుకున్నది. మీరు అక్కడ విన్నది కొత్త పీసును కాదు.

చివరి పరీక్ష అన్నిటికంటే విలువైనది. పీసు లోపమా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. హెడ్‌ఫోన్‌ను తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి వచ్చేలా పెట్టుకోండి. మోనో ధ్వని, అంటే రెండు వైపులా ఒకేలా పలికేది, ఆడించండి. ముందు కళ్లజోడుతో, తర్వాత లేకుండా. లోటు ఇంకా మీ ఎడమ చెవి దగ్గరే ఉంటే తప్పు మీ తలా హెడ్‌ఫోనూ కలిసే చోట ఉంది. లోటు కప్పుతోపాటు కుడి చెవికి వలస పోతే తప్పు ఆ కప్పుది. మీ ప్యాడ్లు ఒకవైపు మందంగా ఉండే రకమైతే తిప్పినప్పుడు మొత్తం ధ్వని కొంచెం వింతగా ఉంటుంది, దాన్ని వదిలేసి ఎడమ కుడి తేడా ఒక్కటే గమనించండి.

తప్పు కప్పుదని తేలినా వెంటనే పెట్టెలో సర్దకండి. ముందు ఆ ప్యాడ్ ఊడదీసి మళ్లీ పెట్టండి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. ఒకప్పుడు నా హెడ్‌ఫోన్‌లో ఒక వైపు బేస్ పోయింది. యాంప్ మార్చాను, కేబుల్ అటూ ఇటూ చేశాను, రెండు వారాలు ఇంట్లోవాళ్లకు మనశ్శాంతి లేకుండా చేశాను. చివరికి తేలిందేమిటంటే, శుభ్రం చేసి తిరిగి పెట్టినప్పుడు ప్యాడ్ వెనక పల్చని తోలు అంచు గాడిలో సగమే దిగి ఒకచోట ముడత పడింది. ఆ ముడత కిందనుంచి గాలి పోతోంది. వేలితో సర్దడానికి పది సెకన్లు పట్టింది. ప్యాడ్ చర్మాన్ని తాకే అంచు ఎంత ముఖ్యమో, కప్పును తాకే అంచూ అంతే ముఖ్యం. అక్కడ రబ్బరు లేదా ఫోమ్ రింగు ఉంటే అది పక్కకు జరగలేదు కదా చూడండి. మందం తేడా ఉన్న ప్యాడ్లకు మందమైన వైపు సాధారణంగా చెవి వెనక్కి రావాలి. తారుమారుగా పెడితే దవడ వెనక పల్లం దగ్గర పల్చటి వైపు పడి అక్కడ కచ్చితంగా సందు మిగులుతుంది.

యాంప్ సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. ప్లానార్ డ్రైవర్ల ఇంపిడెన్స్ (కరెంటుకు అవి చూపే ఎదురు) అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. యాంప్ చాలకపోతే మొత్తం ధ్వని చిన్నగా ఉంటుంది, లేదా పెద్దగా పెట్టినప్పుడు చీలుతుంది. ఎడమ చెవికి మాత్రమే, అదీ బేస్ మాత్రమే తగ్గించి పంపే యాంప్‌ను నేనింకా చూడలేదు.

బర్న్ ఇన్ గురించి నా అభిప్రాయం కొందరికి రుచించదు. వంద గంటలు పోయాక నిజంగా మారేది ఎక్కువగా ప్యాడ్ అనే నేను నమ్ముతాను. లోపలి ఫోమ్ మెత్తబడుతుంది, తోలు మీ కణత, దవడల మెలికలకు అలవాటు పడుతుంది, హెడ్‌బ్యాండ్ పట్టు ఒక పిసరు తగ్గుతుంది. ఆపైన మీ చెవీ ఆ ధ్వనికి అలవాటు పడుతుంది. కాబట్టి బల్ల మీద పెట్టి రాత్రంతా ఆడిస్తే ఒరిగేదేమీ లేదు, తల మీద పెట్టుకుంటేనే ఉంది. ప్యాడ్లలో తరచుగా వాడే మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం, విమాన సీట్లలో మనుషుల రక్షణకని చేసిన పనిలోంచి పుట్టింది. వేడికి మెత్తబడి, చలికి బిగుసుకోవడం దాని గుణం. చల్లటి గదిలో పెట్టుకున్న మొదటి నిమిషంలో బేస్ పల్చగా ఉండి, ఐదు పది నిమిషాలకు నిండుగా అయితే ఆశ్చర్యపోకండి. ఒళ్లు వేడికి ప్యాడ్ కరిగి సందుల్లోకి సర్దుకుందన్న మాట. పరీక్షలు కూడా ఆ పది నిమిషాల తర్వాతే చేయండి.

ఈక్వలైజర్‌తో ఎందుకు పగిలిందో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. చిల్లు కుండలో నీళ్లు నిలవడం లేదని ధార పెంచారు. 10 డెసిబెల్స్ పెంచడమంటే ఆ స్వరాల దగ్గర పది రెట్లు పవర్ పంపడం. పొర మూడింతలకు పైగా ఎక్కువ ఊగాలి. ఊగిన గాలి మళ్లీ అదే సందులోంచి పోతుంది. అదీకాక తల తిప్పినప్పుడల్లా, నవ్వినప్పుడల్లా లీకు మారుతుంది, మీ ఈక్వలైజర్ గీత మాత్రం కదలదు. ఒక క్షణం తక్కువ, మరుక్షణం ముంచెత్తు. సీల్ కుదిరాక రుచికి ఒకటి రెండు డెసిబెల్స్ అటూ ఇటూ చేసుకోవడం వేరు, అది హాయిగా చేసుకోండి. ఇంకో మాట, బేస్ చాలక మొత్తం వాల్యూమే పెంచుకుంటూ పోయే అలవాటు ఉంటే మానండి. పెరిగేది పై స్వరాలు, అలిసేది చెవి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వినాలంటే సగటున 80 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు.

ఇప్పుడు కళ్లజోడుతో ఏం చేయాలి? తీసేసి వినగలిగితే అంతకు మించిన మందు లేదు. చదువుతూ వినాలంటే, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక కళ్లజోడు కాడలను కొంచెం పైకెత్తి ప్యాడ్ పై అంచు దగ్గరికి, వీలైతే ప్యాడ్ మీదికే ఎక్కించి చూడండి. అద్దాలు కాస్త వంగి కనిపిస్తాయి, చదవడానికి కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదు. వినడానికని విడిగా పాత పవర్‌తోనైనా సరే, సన్నటి లోహపు కాడలున్న జోడు ఒకటి ఉంచుకోవడం నాకు తెలిసినవాళ్లలో బాగా పనిచేసిన ఉపాయం. మందపాటి ప్లాస్టిక్ కాడకీ తీగలాంటి టైటానియం కాడకీ మధ్య తేడా చెవికి మొదటి పాటలోనే తెలుస్తుంది. జుట్టు కూడా లీకే. ప్యాడ్ కింద పడిన కుచ్చును వేలితో వెనక్కి తోసేయండి. ఒత్తయిన గడ్డం దవడ దగ్గర ఇదే పని చేస్తుంది, చెవి దుద్దులూ అంతే.

ప్యాడ్ మార్చడం గురించి మీరు అడగలేదు, కానీ ఈ ఉత్తరం చదివాక మొదట వచ్చే ఆలోచన అదే కాబట్టి ముందే చెబుతాను. మెత్తటి, లోతైన ప్యాడ్ కళ్లజోడు కాడను తనలోకి మింగేస్తుంది, లీకు తగ్గుతుంది. నిజమే. కానీ ప్యాడ్ అంటే దిండు కాదు, ధ్వని పుట్టే గదికి గోడ. దాని మందం మారితే చెవికీ డ్రైవర్‌కీ మధ్య దూరం మారుతుంది, గది పరిమాణం మారుతుంది, పై స్వరాలు మారతాయి. లోపలి గోడకు చిల్లులున్న తోలు అయితే వెనకున్న ఫోమ్ కూడా గదిలో భాగమై కొంత ధ్వనిని పీల్చుకుంటుంది. వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లయితే గాలి బట్టలోంచే పోతుంది. వేసవికి హాయి, సీల్‌కు శత్రువు. జెడ్‌ఎంఎఫ్ లాంటి తయారీదారులు ఒకే హెడ్‌ఫోన్‌కు రకరకాల ప్యాడ్లు అమ్ముతారు, ఒక్కోదానితో ధ్వని ఒక్కోలా ఉంటుందని వాళ్లే చెబుతారు. మీ హెడ్‌ఫోన్‌కు దాని తయారీదారే ఇంకో రకం ప్యాడ్ ఇస్తుంటే ప్రయత్నించవచ్చు. ఎవరో చేసిన ‘అన్నిటికీ సరిపోయే’ ప్యాడ్ తగిలిస్తే మాత్రం మీరు కొన్న హెడ్‌ఫోన్ వేరు, వింటున్నది వేరు. పాతబడి అణిగిపోయి, చెవి లోపలి బట్టకు తగులుతుంటే, లేదా కృత్రిమ తోలు పొట్టు రాలుతుంటే అప్పుడు అసలు ప్యాడ్లే కొత్తవి వేయించండి. మీ కొత్త హెడ్‌ఫోన్‌కు ఆ అవసరం ఇప్పుడే లేదు.

హెడ్‌బ్యాండ్‌తో మాత్రం కాసేపు కుస్తీ పట్టండి. స్లైడర్లు రెండు వైపులా ఒకే గీత మీద ఉండాలన్న నియమం ఏమీ లేదు, చాలామందికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ముందు బాగా కిందికి లాగి పెట్టుకుని, కప్పులను పట్టుకుని పైకి ఒక్కో గీత జరుపుతూ 40 హెర్ట్జ్ టోన్ వింటూ ఉండండి. ఒక చోట బేస్ కుదురుకుంటుంది. అక్కడ ఆపండి. కప్పు మరీ కిందికి వేలాడితే పై అంచో, మరీ పైకి లాగితే కింది అంచో తేలిపోతుంది. కప్పు తనంతట తాను తలకు తగ్గట్టు వాలడానికి ఆ కీలు స్వేచ్ఛగా కదులుతోందా లేదా కూడా చూడండి.

కణత నొప్పి ఉంది కాబట్టి బిగువు తగ్గించాలని మీకు అనిపిస్తుంది. ఇక్కడ చిక్కుంది. పట్టు సడలిస్తే నొప్పి తగ్గుతుంది, లీకు పెరుగుతుంది. అందుకే ముందు సన్నటి కాడల జోడు, తర్వాతే హెడ్‌బ్యాండ్. స్ప్రింగు స్టీలు బ్యాండ్ అయితే తలకంటే కొంచెమే వెడల్పున్న పుస్తకాల దొంతి మీద రాత్రి తగిలించి ఉంచి, పొద్దున పెట్టుకుని చూడండి. చాలకపోతే మరో రాత్రి. ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ బ్యాండ్లను చేత్తో వంచే సాహసం చేయకండి, వంగవు, విరుగుతాయి. గట్టి ప్యాడ్ గట్టిగా బిగిస్తే వచ్చే సీల్‌కంటే మెత్తటి ప్యాడ్ సుతారంగా ఆనితే వచ్చే సీలే నాకు ఇష్టం. తల కదిలినా అది తొందరగా వీడదు.

పెట్టుకునే తీరు బేస్‌తోనే ఆగదు. 10,000 హెర్ట్జ్ తరంగం మూడున్నర సెంటీమీటర్లే. కప్పు చెవి మీద ఒక సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిగితే, డ్రైవర్ నుంచి నేరుగా వచ్చే ధ్వనీ, చెవి దొప్పలోనూ కప్పు గోడల మీదా తగిలి వచ్చే ధ్వనీ కలిసే లెక్క మారిపోతుంది. ఒక చోట తాళాలు గుచ్చుకుంటాయి, ఇంకో చోట మెత్తబడతాయి. నేను మామూలుగా చెవిని గుంట మధ్యలో కంటే కాస్త వెనక్కి ఉంచి, డ్రైవర్ ముందునుంచి వస్తున్నట్టు పెట్టుకుంటాను. అది నా చెవికి కుదిరింది, మీకు మరోలా కుదరొచ్చు. తెలిసిన ఆడగొంతు పాట ఒకటి పెట్టుకుని ‘స’, ‘ష’ అక్షరాలు ఎక్కడ సహజంగా వినిపిస్తే అక్కడ ఆపండి. ఆ స్థానం గుర్తుపెట్టుకోండి, రేపు కూడా అక్కడికే రావాలి.

కొలతల గ్రాఫ్‌లో బేస్ గీత పడిపోకుండా తిన్నగా ఉంది, నాకెందుకు లేదన్న ప్రశ్న మీ మనసులో ఉండే ఉంటుంది. ఆ కొలతలు ఎక్కువగా బొమ్మ తలల మీద, బొమ్మ చెవుల మీద చేస్తారు. 1972 నుంచి వాడుకలో ఉన్న కెమార్ బొమ్మ అలాంటిదే. వాటికి జుట్టుండదు, కళ్లజోడుండదు, అవి నవ్వవు. హార్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకుడు టాడ్ వెల్టీ మనుషుల తలల మీద లీకును కొలిచి, కొలత పరికరం మీద హెడ్‌ఫోన్ మనుషుల మీద కంటే బాగా సీల్ అవుతోందని గమనించి, మనుషుల లీకుకు దగ్గరగా ఉండేలా బొమ్మ చెవినే మార్చి చూశారు. సమీక్ష రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల తల మీద అది అలాగే పలికింది.

హెడ్‌ఫోన్ తయారీదారులు కప్పు లోపలి ధ్వనిని అదుపు చేయడం కోసం ఎంత తంటాలు పడతారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. సెన్‌హైజర్ 2018లో హెచ్‌డి 820కి వెనక వంపు తిరిగిన అద్దం పెట్టి, వెనక్కి వెళ్లిన ధ్వనిని పక్క గదుల్లోకి మళ్లించింది. డాన్ క్లార్క్ ఆడియో 2021లో స్టెల్త్‌లో చెవికీ డ్రైవర్‌కీ మధ్య మెటామెటీరియల్, అంటే సన్నటి గాలిగొట్టాల అల్లిక, అమర్చి, లోపల నిలిచిపోయే తరంగాలను అణచింది. అంతా చేసి, చివరి రెండు సెంటీమీటర్లు మాత్రం మన చెంపకూ జుట్టుకూ అప్పగించక తప్పలేదు. కొందరు ఆ సంగతి ఎరిగే కప్పులోనో డ్రైవర్ పలకలోనో చిన్న రంధ్రాలు కావాలనే వదులుతారు. లెక్కగట్టి వదిలిన ఆ లీకు ముందు మన లెక్కలేని లీకు పెద్దగా కనబడదని వాళ్ల ఆలోచన. మీ కప్పు మీద అలాంటి రంధ్రం కనిపిస్తే బేస్ పెరుగుతుందేమోనని టేపు అంటించకండి.

క్రమం ఇలా పెట్టుకోండి. ఈ రాత్రి పది నిమిషాలు పెట్టుకుని ప్యాడ్లను వెచ్చబడనివ్వండి. కళ్లజోడు తీసి 40 హెర్ట్జ్. ఆ తర్వాత ప్యాడ్లు ఊడదీసి అంచులు సర్ది మళ్లీ 40. చివరగా కప్పులు తారుమారు చేసి ఒకసారి. కళ్లజోడు లేకుండా, అంచులు సరిగ్గా ఉండీ, తారుమారు చేసినప్పుడు లోటు కప్పుతోపాటే కదిలితే, అప్పుడు తిప్పి పంపండి. ‘బేస్ తక్కువ’ అని కాకుండా ‘కప్పులు మార్చి పెట్టుకున్నా లోటు ఎడమ కప్పుతోనే వస్తోంది’ అని రాయండి, అవతలివాళ్లు వాదించడానికి తక్కువ మిగులుతుంది. తారుమారు చేసినప్పుడు లోటు ఏ చెవి దగ్గర ఉందో నాకూ ఒక ముక్క రాయండి. ఎడమ చెవే అయితే కాడల మందం ఎంతో కూడా కొలిచి రాయండి.